ఓడోళ్లు చూసిపోయిన అమ్మవారు

ఆళ్లగడ్డకు ఓడ వచ్చిందని చెబితే ఇప్పటి కండక్టరు కుర్రాళ్లు నవ్వుతారు. సముద్రం యాడ, ఆళ్లగడ్డ యాడ తాతా అంటారు. నవ్వనీ. ఓడ రాలేదు గానీ ఓడలోని జనం వచ్చారు. మా బస్సులోనే వచ్చారు. వాళ్లకు తలుపు తీసి పట్టుకుని నిలబడిన కండక్టరును నేనే. నా ఉద్యోగంలో చూసిన మంచీ చెడూ చాలానే ఉన్నాయి, సగం మరిచిపోయాను. ఇదొక్కటి మాత్రం మరిచిపోదామన్నా పోవడం లేదు కాబట్టి రాసి పెడుతున్నాను. మీరు చదివి ఏమనుకున్నా సరే.

అవి రాజధాని కర్నూలులో ఉన్న రోజులు. రాష్ట్రం కొత్తది, కచేరీలు గుడారాల్లో నడిచేవి, గుమాస్తాలు ఒక చేత్తో కాగితాలు ఎగిరిపోకుండా పట్టుకుని ఇంకో చేత్తో రాసేవాళ్లు. బస్సులు ఇంకా ప్రైవేటువాళ్ల చేతుల్లోనే ఉండేవి. నంద్యాలలో గింజల వ్యాపారం చేసే ఒక షావుకారు కొన్ని బస్సులు తిప్పేవాడు. వాటిలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కోయిలకుంట్ల పోయే బండి మాది. మాది అంటే నాదీ, మా డ్రైవరుదీ.

డ్రైవరు సాయిబు. నాకంటే బాగా పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. కోపం ముక్కు మీదే ఉండేది. దారిలో గేదె అడ్డమొచ్చినా తహశీల్దారు జీపు అడ్డమొచ్చినా ఒకటే తిట్టు. అలాంటి మనిషి, బండ్లో విగ్రహం ఎక్కిందంటే చాలు, బీడీ ముట్టేవాడు కాదు, నోట్లోంచి పొల్లు మాట వచ్చేది కాదు. ఆళ్లగడ్డలో చెక్కిన దేవుళ్లు చుట్టుపక్కల పల్లెలకు పోయేది మా బస్సుల్లోనే. వెనక సీటు కింద వరిగడ్డి పరిచి, గోనెసంచులు కప్పి, గుంతలొచ్చినచోట బండిని చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడిపేవాడు. ఒక్క దేవుడి ముక్కు కూడా చెక్కు లేచింది లేదు.

అలా పోయే విగ్రహాలకు కళ్లు ఉండవు. ఇది మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఒళ్లంతా చెక్కి, నునుపు పెట్టి, కళ్ల చోటు మాత్రం వదిలేస్తారు. గుళ్లో నిలబెట్టేరోజు శిల్పి స్నానం చేసి, ఉపవాసం ఉండి, ఆ ఊరికే పోయి సన్న ఉలితో కళ్లు తెరుస్తాడు. ఆ వేళకు విగ్రహం ఎదురుగా మనిషి నిలబడడు. అద్దం పెడతారు. దేవుడి మొదటి చూపు అద్దంలో తన మీదే పడాలి, తర్వాత ఆవూదూడ మీద, ఆ తర్వాతే ఊరిజనం మీద. అంతవరకూ అది రాయి, బస్సులో ఎక్కినా, బండి మీద ఎక్కినా తప్పులేదు.

ఆళ్లగడ్డలో మా బండి అరగంట ఆగేది. బస్టాండు వెనకే ఒక శిల్పి కొట్టం. ఆచారి అనేవాళ్లం. మా డ్రైవరుకు ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కలిస్తే పెద్దగా మాట్లాడుకునేది కూడా ఏమీ ఉండదు. ఒకడు ఉలి కొడుతుంటే ఒకడు టీ తాగుతూ చూస్తాడు, హారన్ కొట్టాల్సిన వేళకు లేచి వస్తాడు. ఆచారికి కనురెప్పల మీద ఎప్పుడూ రాతి దుమ్మే. మాట తక్కువ, అన్న మాట మార్చడం అసలే లేదు.

ఆ ఏడు ఆయన చెక్కుతున్నది ఒక అమ్మవారిని. కొలిమిగుండ్ల దిక్కు ఒక పల్లె. తరతరాలుగా పసుపు పూసిన బండరాయికే మొక్కుకున్న ఊరు అది. ఆ ఊరి పెద్దరైతు, ఆళ్లగడ్డలోనూ ఇల్లున్నవాడు, బావిలో నీళ్లు పడ్డాయన్న సంతోషంతో అమ్మవారిని చేయిస్తానని మొక్కుకుని ఆచారికి అప్పజెప్పాడు. ఆచారి ఆ పని కోసం తక్కిన పనులన్నీ పక్కన పెట్టాడు. వాళ్ల నాయన చెక్కిన దేవుళ్లు ఆ దిక్కు పల్లెల్లో చాలా ఉన్నాయట, వాటి పక్కన నిలబడాల్సిన విగ్రహం ఇది. ఇది బాగా కుదిరితే ఆ దిక్కంతా మళ్లీ ఆ కొట్టానికే వస్తుంది. ఈ మాట ఆయన చెప్పలేదు, డ్రైవరన్న చెప్పాడు. నల్లరాతిలో ఆ తల్లి బుగ్గ, గడ్డం, పెదవి చూస్తే నాకు తెలిసిన ఇంటి మనిషిలా ఉండేది. కళ్లు లేకపోయినా మన మాట వింటున్నట్టే ఉండేది.

ఇంతలో ఓడ సంగతి వచ్చింది. దేశాలు చూడ్డానికి బయల్దేరిన దొరలూ దొరసానుల ఓడ ఒకటి మద్రాసు రేవులో యంత్రం చెడి నిలిచిపోయిందట. బాగయ్యేదాకా ఊరికే కూర్చోలేక కొందరు చుట్టూ ఉన్న గుళ్లు చూస్తామన్నారు. కొత్త రాష్ట్రం గొప్ప చూపించడానికి ఇదే సందు అని కర్నూలులో ఎవరికో తోచింది. కొందరిని గుంతకల్లు మీదుగా నంద్యాలకు రైల్లో తెచ్చి, బస్సుల్లో అహోబిలం చూపించి, సాయంత్రం రైలుకే ఎక్కించాలని ఏర్పాటు. కర్నూలు నుంచి ఒక చిన్నవయసు ఆఫీసరు జీపులో వచ్చి మా షావుకారుతో మాట్లాడిపోయాడు. మంచివాడే. నిద్రపోయి ఎన్నాళ్లయిందో అన్నట్టు ఉన్నాడు.

ఊళ్లో ఇది వేరేగా పాకింది. ఓడ కుందూ నదిలో వస్తుందని కొందరు, కాదు కేసీ కాలువలో వస్తుందని కొందరు. ఒకప్పుడు ఆ కాలువను పడవలు తిరగడానికే తవ్వారు కదా, అందుకని రెండో మాటకు బలం ఎక్కువ. నా టికెట్ల సంచి పట్టుకుని ఒక ముసలాయన, ఓడ ఎన్ని గంటలకప్పా, మనుమరాల్ని తీసుకొస్తా అని రోజూ అడిగేవాడు. రాదు తాతా అని చెప్పినా నమ్మేవాడు కాదు, కండక్టర్లు నిజం చెప్పరని ఆయన అభిప్రాయం.

మా షావుకారు రెండు బస్సులు కడిగించాడు, రంగు వేయించాడు. సీట్ల మీద వాళ్ల ఇంటి దుప్పట్లే పరిపించాడు. ఆ దుప్పట్ల మీద నేను ఒక నలక పడనిస్తే ఉద్యోగం ఉండదని ఆయన భార్య నాకు చెప్పి పంపింది. నంద్యాల స్టేషను ఫినాయిల్‌తో కంపు కొట్టింది. ఆళ్లగడ్డ రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లితే బురదయింది, దాని మీద మళ్లీ ఇసుక పోశారు. పెద్దరైతు బస్టాండు దగ్గర పందిరి వేయించి, బడి నుంచి కుర్చీలు తెప్పించి, బిస్కెట్లూ గోలీసోడాలూ సిద్ధం చేయించాడు. మర్యాద చేయడం మా సీమకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దానితోనే వచ్చింది చిక్కంతా.

ఆ రోజు పొద్దున రైలు దిగినవాళ్లు ఇంచుమించు అందరూ పెద్దవయసువాళ్లే. ఎండకు టోపీలు, మెడలో కెమెరాలు. మా షావుకారూ, ఆ ఆఫీసరూ వాళ్ల వెంట మా బస్సులోనే వచ్చారు. నంద్యాల నుంచి అహోబిలం దాకా ఏది చూసినా సంతోషపడ్డారు. మిరపకాయలు ఆరబోసిన కళ్లాన్ని చూసి బస్సు ఆపమన్నారు. దిగువ అహోబిలం చూసి, ఆళ్లగడ్డకు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మొదటి గోలీసోడా టప్పుమనగానే ఇద్దరు దొరలు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు, జనమంతా నవ్వారు, వాళ్లూ నవ్వారు. అంతవరకూ ఆ రోజు ఎంత బాగా నడిచిందంటే, మా డ్రైవరన్న కూడా ఎవర్నీ తిట్టలేదు.

ఒక ముసలి దొరసాని మాత్రం సోడా పక్కన పెట్టి, కర్ర ఆనించుకుంటూ ఉలి చప్పుడు వచ్చే దిక్కుకు నడిచింది. ఆమె వెనక ఆఫీసరు, వాళ్ల వెనక పెద్దరైతు, ఆ వెనక ఓడోళ్లంతా. ఆచారి కొట్టం నిండిపోయింది. ఆమె అమ్మవారి ముందు ఒక బండ మీద కూర్చుని చాలాసేపు చూసింది. కళ్లు ఎందుకు లేవని అడిగింది. ఆఫీసరు ఆచారిని అడిగి, ఊళ్లో నిలబెట్టాక తెరుస్తారని చెప్పాడు. ఆమె తల ఊపి ఏదో అంది. నేను మళ్లీ ఇంత దూరం రాలేను కదా, ఈమె చూపు ఎలా ఉంటుందో తెలియకుండానే పోతున్నాను అందట. అంతే. తెరిచి చూపించమని ఆమె అడగలేదు, ఇప్పటికీ ఆమె మీద నాకు కోపం లేదు.

ఆఫీసరు ఆ మాటను తెలుగులో పెద్దరైతుకు చెప్పాడు. పెద్దరైతుకు అది తన గడప నుంచి ఒకరు ఖాళీ చేతులతో వెళ్లిపోతున్నట్టు వినిపించింది.

"ఏమప్పా ఆచారీ, ఎంతసేపటి పని అది?" అన్నాడు.

"పని ఎంతోసేపు కాదు సామీ. ఈడ చేసేది కాదు. ఊర్లో చేయాల."

"ఊరు నాది. అమ్మవార్ని చేయిస్తాండేది నేను. సముద్రాలు దాటొచ్చినోళ్లను లేదని పంపితే నా మొగం యాడ పెట్టుకోవాల?"

 డ్రైవరన్న ఆచారి పక్కకు వచ్చి, వద్దన్నా అన్నాడు మెల్లగా. పెద్దరైతు వినకుండా ఉండేంత మెల్లగా కాదు. పెద్దరైతు డ్రైవరన్నను ఒక చూపు చూసి మళ్లీ ఆచారి దిక్కే తిరిగాడు. చేయించేవాడు చెప్పాక కాదనడం ఆ కొట్టంలో ఎన్నడూ జరగలేదు. ఆచారి లేచి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. రెండే అడిగాడు. ఒక అద్దం కావాలి, ఎదురుగా ఉన్నవాళ్లు పక్కకు జరగాలి.

అద్దం కోసం వెతుకుతుంటే డ్రైవరన్న పరుగున బస్సు దగ్గరికి పోయి, పక్కనుండే అద్దాన్ని పానాతో విప్పుకుని వచ్చాడు. భుజం మీది తువాలుతో తుడిచి, అమ్మవారి ముఖానికి ఎదురుగా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఇక జరగమని చెప్పడం. కొట్టంలో ఉన్న మా జనం, ఎవరూ చెప్పకుండానే, విగ్రహం వెనక్కు పోయాం. నేనూ, షావుకారూ, పెద్దరైతూ, బిస్కెట్లు పంచేవాడూ అందరం. అది మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి. ఓడోళ్లకు తెలియదు. మేము జరిగింది తమకు బాగా కనబడాలనే అనుకుని ఇంకా ముందుకు వచ్చారు. వాళ్లకు చెప్పండి అన్నాడు ఆచారి. అతిథుల్ని పక్కకు జరగమంటే ఏం బాగుంటుంది అన్నాడు ఆఫీసరు. ఆ మాత్రం తెలీదా అని ఆచారినే గదిమాడు పెద్దరైతు. అంతమందిమి అక్కడ ఉండి, ముందు నిలబడడం తప్పని తెలిసి, ఎవరికి వాళ్లం తప్పుకుని వాళ్లను మాత్రం అక్కడే నిలబెట్టాం. మర్యాద కోసమే చేశాం.

ఆచారి ఉలి అందుకున్నాడు. సన్నటి చప్పుడు. ఒక కన్ను అయింది. రెండో కంటికి వచ్చేసరికి కెమెరాలు పైకి లేచాయి. అద్దం అడ్డమొచ్చింది.

"డ్రైవర్, కొంచెం పక్కకు. వాళ్లకు కనబడటం లేదు," అన్నాడు ఆఫీసరు.

డ్రైవరన్న కదల్లేదు. ఆఫీసరు మళ్లీ అన్నాడు. అప్పుడు మా షావుకారు, జీతమిచ్చే మనిషి, విగ్రహం వెనక నుంచి జరగప్పా అన్నాడు. డ్రైవరన్న అద్దం దించి పక్కకు జరిగాడు. ఆచారి చూపు ఉలి మొన మీద ఉంది, ఆయనకు ఇది తెలియదు. చివరి దెబ్బ అప్పుడే పడింది.

నాకు కనబడింది అమ్మవారి వీపు, ఎదురుగా ఓడోళ్ల ముఖాలు. కెమెరాలు కిందికి దిగాయి.  ముసలి దొరసాని టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది, ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ ముఖాన్ని చూసి అమ్మవారి చూపు ఎలా ఉందో నేను ఊహించుకోవాల్సిందే. ఆచారి తల తిప్పి, అద్దం లేని చోటును చూశాడు. తన పైపంచె తీసి విగ్రహం తల మీద కప్పేశాడు. నేను రైలుకు వేళయిందని విజిల్ వేశాను, అది నా పని.

ఓడోళ్లు పోయారు. వాళ్ల ఓడ కూడా బాగయి పోయే ఉంటుంది. ఆ ఫోటోలు ఏ దేశంలో ఏ ఇంట్లో ఉన్నాయో.

సంగతి మాకంటే ముందే పల్లెకు చేరింది. తర్వాతి వారం ఆ ఊరి పూజారి, ఇద్దరు పెద్దమనుషులూ కోయిలకుంట్లలో మా బండే ఎక్కారు. నాకు భయం వేసింది. పెద్దరైతు అప్పటికే ఆచారికి కబురు పంపాడని డ్రైవరన్న దార్లో నాతో చెప్పాడు. ఆ రోజు తెరవలేదు, దొరలకు ఊరికే చేసి చూపించినా అని ఒక్క మాట అంటే చాలు, తక్కినది నేను చూసుకుంటా అని కబురు. ఆ మాట అనమని డ్రైవరన్న కూడా బతిమాలాడట. ఆళ్లగడ్డలో దిగి మేమూ వాళ్ల వెంటే కొట్టానికి పోయాం. పెద్దరైతు ముందే వచ్చి కూర్చున్నాడు. అమ్మవారి మీద పైపంచె అలాగే ఉంది.

పూజారి వయసులో పెద్దవాడు, చెడ్డవాడు కాదు. ఆయనకూ గొడవ పెట్టుకోవాలని లేదు. అడగడంలోనే దారి చూపించాడు.

"నిజంగా తెరిచినావా నాయనా, ఊరికే ఉలి ఆడించి చూపించినావా?"

ఆచారి ఉలి కింద పెట్టాడు. "తెరిచినా సామీ."

"ఆలోచించుకో. దొరల కోసం ఆటకు చేసింటావు."

"ఆటకు చేయడం నాకు రాదు. తెరిచినా."

"అద్దం పెట్టినారా?"

"పెట్టినారు. దించినారు."

ఎవరు దించారో ఆచారి చెప్పలేదు. గుంజకు ఆనుకుని నిలబడిన డ్రైవరన్న తానే ముందుకు వచ్చాడు.

"దించింది నేను సామీ. ఆయన తప్పేం ల్యా."

పూజారి మెత్తగానే అన్నాడు. "నీదేముందిలే సాయిబూ. పాపం, నీకు తెలీదు."

"నాకు తెల్సు," అన్నాడు డ్రైవరన్న. "తెలిసే దించినా." ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. దించమన్నది షావుకారు, అడిగింది ఆఫీసరు అని నేనూ చెప్పాను. విన్నారు, తల ఊపారు. అందరూ పెద్దరైతు దిక్కు చూశారు. నేనే తెరవమన్నా అని ఆయన అని ఉంటే కథ వేరేగా ఉండేదేమో. ఆయన కండువా సర్దుకుని, మనకేం తెల్సు ఆ శాస్త్రం, తెలిసినోడు కాదనాల్సింది అన్నాడు. ఆచారి తల ఎత్తి ఆయన్ను ఒకసారి చూసి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

మొదటి చూపు పరాయివాళ్ల మీద పడిన తల్లి మా ఊరిని ఏం చూస్తుంది అన్నారు పెద్దమనుషులు. అదే వాళ్ల తీర్పు. పెద్దరైతు ఇంకో కొట్టంలో ఇంకో అమ్మవారిని చేయించాడు. ఆ విగ్రహం కూడా మా బండ్లోనే పోయింది. వెనక సీటు కింద గడ్డి పరిచింది డ్రైవరన్నే, కోయిలకుంట్ల దాకా బీడీ ముట్టలేదు. వేరేవాళ్ల మీద కోపం దేవుడి మీద చూపించకూడదని ఆయన లెక్క.

ఆ తర్వాత ఆ దిక్కు పల్లెలు ఆచారి కొట్టానికి రావడం మానేశాయి. ఒకరు మానేస్తే ఇంకొకరు, ఎందుకని ఎవరూ అడగరు. ఏడాది తిరిగేసరికి ఆయన రోళ్లు, తిరగళ్లు చేస్తున్నాడు. అరిగిన రోళ్లకు గంట్లు పెడుతున్నాడు. మా ఇంట్లో ఉన్న రోలు ఆయన చేసిందే. పచ్చడి నూరుతూ మా ఆవిడ దీని అంచు ఎంత బాగుందో చూడండి అనేది. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

అమ్మవారు కొట్టంలోనే ఒక మూల ఉండేది, గోడ వైపు తిరిగి, గోనెసంచి కప్పుకుని. డ్రైవరన్న ఆ అద్దాన్ని బస్సుకు మళ్లీ బిగించాడు గానీ అందులో వెనక్కు చూడటం మానేశాడు. తల బయటికి పెట్టి చూసి నడిపేవాడు. ఆయన ఉద్యోగం మానే రోజు వరకూ అంతే. ఆ రోజు దించకుండా ఉండింటే అన్న మాట నా దగ్గర ఎన్నిసార్లు అన్నాడో. షావుకారు పంపించేసేవాడన్నా అంటే, పంపించేస్తే ఇంకో బండి తోలేవాణ్ణి కదప్పా అనేవాడు. 

ఒకసారి నేను ఆచారిని అడిగాను. ఆ రోజు నేను వెనక నిలబడ్డాను, ముఖం చూడలేదు, ఒకసారి చూపిస్తావా అని. ఆయనకు కోపం రాలేదు. ఆయన చెప్పింది విన్నాక ఇంకెప్పుడూ అడగలేదు.

"ఆయమ్మ ఆ ఊరి అమ్మప్పా. ఊరోళ్లు వచ్చి చూడల్యా ఇంకా. వాళ్లు చూసినాంక నువ్వు చూద్దువులే."

ఆ ఊళ్లో ఇంకో అమ్మవారు కూర్చుని పూజలందుకుంటున్న సంగతి ఆయనకూ తెలుసు. అయినా రోజూ మా బండి ఆగగానే కొట్టం గుంజ దగ్గరికి వచ్చి నన్ను అదే అడిగేవాడు. మీ బండ్లో ఆ ఊరోళ్లు ఎవురన్నా వచ్చినారా అని. ఉంటే ఉన్నారని చెప్పేవాణ్ణి. వాళ్లతోనూ చెప్పేవాణ్ణి, అరగంట ఆగుతుంది కదా, దిగి ఒకసారి చూసి రాండప్పా అని. కొందరు విననట్టు ఊరుకునేవారు. కొందరు ఆ కొట్టం ఉన్న దిక్కు కాకుండా ఇంకో దిక్కుకు దిగేవారు. ఆచారి మాత్రం వాళ్లు దిగిన దిక్కు చూస్తూ, బండి కదిలేదాకా గుంజ పట్టుకుని నిలబడేవాడు. ఉన్నారని చెప్పి ఆయన్ను ఊరికే నిలబెడుతున్నానేమో అనిపించేది. అయినా ఆయన ముందు అబద్ధం చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

పంతొమ్మిది వందల అరవైలో షావుకారు నన్ను నంద్యాల బుకింగు ఆఫీసుకు మార్చాడు. ఆళ్లగడ్డ దారిలో అదే నా చివరి ట్రిప్పు. బండి ఆగింది. ఆచారి గుంజ దగ్గరికి వచ్చాడు, రెప్పల మీద అదే దుమ్ము. అదే అడిగాడు. బండ్లో ఆ ఊరోళ్లు ఒక ఇంటిల్లిపాదీ ఉన్నారు. కిటికీ పక్కనే కూర్చుని గోలీసోడా తాగుతున్నారు. చూడమని వాళ్లకు నేను అప్పటికే చెప్పాను, మాకు యాడ తీరుతుందప్పా అన్నారు.

ఈరోజు ఎవరూ రాలేదని ఆచారికి చెప్పాను.

"సరేలే, ఇంకోరోజు వస్తారు," అని ఆయన రోలు ముందు కూర్చున్నాడు. నేను విజిల్ వేశాను.